ఇయాన్ డోనాల్డు

ఇనుములోని పగుళ్లను వెదకు యంత్రము తల్లుల ప్రాణములను కాపాడగలదని తలంచుట సామాన్యులకు సాధ్యము కాదు. అట్లు తలంచి సాధించిన వైద్యుడు ఇయాన్ డోనాల్డు.

ఆయన 1910 డిసెంబరు 27వ తేదీన ఇంగ్లండునందలి కార్న్‌వాల్ ప్రాంతమున, వైద్యుల వంశమున జన్మించెను. కొంతకాలము దక్షిణాఫ్రికాలో చదివి, తలిదండ్రులు గతించిన పిదప స్వదేశమునకు మరలి, 1937లో వైద్యపట్టము పొందెను. రెండవ ప్రపంచయుద్ధమున వైమానిక దళమునందు వైద్యుడుగా నుండెను. బాంబులతో నున్న విమానము మండుచుండగా లోనికి చొరబడి సైనికులను వెలుపలికి తెచ్చినందుకు ప్రభుత్వ సత్కారము నందెను. రాడారు, సోనారు అను సాధనములతో పరిచయము కలిగినది ఆ కొలువులోనే. నీటిలో దాగిన జలాంతర్గామిని ప్రతిధ్వనిచే కనుగొనుటయే సోనారు పని.

1954లో ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయమున ప్రసూతిశాస్త్రాచార్యు డయ్యెను. ఆ సమీపమున బాయిలర్లు తయారుచేయు కర్మాగార మొకటి యుండెను. అచ్చట లోహపు అతుకులలోని లోపములను అతిధ్వనులతో పరీక్షించుచుండిరి. 1955 జూలై 21న డోనాల్డు శస్త్రచికిత్సలో తీసిన కంతులను కారులో పెట్టుకొని అచ్చటికి పోయెను. పోల్చి చూచుటకు మాంసపు ముక్క నొకదానిని గూడ పరీక్షించిరి. గట్టి కంతి యొక తీరునను, నీటితిత్తి మరియొక తీరునను ప్రతిధ్వని నిచ్చెను!

సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వని మన చెవికి వినబడదు. దానిని దేహములోనికి పంపినచో అవయవముల అంచులను తాకి మరలివచ్చును. మరలుటకు పట్టిన కాలమునుబట్టి లోతు తెలియును.

టామ్ బ్రౌన్ అను యువ ఇంజనీరు, జాన్ మాక్‌విక్కర్ అను వైద్యుడు ఆయనకు తోడైరి. తొలుత ఫలితములు మసకగా నుండెను, నమ్మినవారు కొలదిమందియే. అట్టి సమయమున, మాన్పరాని కడుపు పుట్టకురుపని వైద్యులు ఆశ వదలుకొన్న యొక స్త్రీని ఆయన పరీక్షించెను. యంత్రమునందు కనబడినది పుట్టకురుపు కాదు, పెద్ద నీటితిత్తి. దానిని తీసివేయగా ఆమె బ్రతికెను. 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో వారి పరిశోధన వెలువడెను.

ఆ దినములలోనే ఎక్స్‌కిరణములు గర్భస్థ శిశువునకు హాని చేయునని ఆలిస్ స్టూవర్ట్ అను వైద్యురాలు హెచ్చరించెను. కావున శిశువు తలను కొలుచుటకు అతిధ్వనులే శరణ్యమయ్యెను. మూత్రాశయము నిండియున్నచో తొలినెలల గర్భము స్పష్టముగ కనబడునని 1963లో తెలిసెను. స్కానింగుకు ముందు నీరు త్రాగుమని మన ఊళ్లలో గర్భిణులకు చెప్పుట అందువలననే.

డోనాల్డు గుండెజబ్బుతో పలుమారులు శస్త్రచికిత్సలు పొందియు పని మానలేదు. 1987 జూన్ 19న మరణించెను.

ఆయన నాటి యంత్రములు కదలింప శక్యము గానివి. నేడు చేతిసంచిలో పట్టునవి యున్నవి. భోగాపురము మండలమునందలి ముక్కాము, చేపలకంచేరు వంటి బెస్తపల్లెల గర్భిణికి అట్టిది దగ్గరలోనే లభించినచో, బిడ్డ అడ్డము తిరిగినదా, మావి గర్భద్వారమును మూసినదా అను సంగతి ముందే తెలియును. నొప్పులు వచ్చిన రాత్రి విజయనగరమునకు పరుగెత్తుటకు మారుగా, ముందుగనే పెద్దాసుపత్రికి చేరవచ్చును.

అయినను మన దేశమున కొందరు ఈ యంత్రముతో ఆడశిశువును గుర్తించి కడుపులోనే చంపించిరి. గర్భస్థ శిశువు ప్రాణమునకై వాదించిన డోనాల్డు సాధనమునకు పట్టిన దుర్గతి యిది. అందుచే 1994లో లింగనిర్ధారణను నిషేధించు చట్టము వచ్చెను. 2012లో చిన్న యంత్రములపై కట్టడి బిగిసెను. ఆ కట్టడి న్యాయమే, కాని దాని భారము దూరపు పల్లెలోని తల్లిపైననే పడుచున్నది. నమోదైన ఆవరణమునందు గాని, నమోదైన సంచార వైద్యశకటమునందు గాని తప్ప ఆ యంత్రమును వాడరాదు.