యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) ఆంధ్రదేశంలో జన్మించి అమెరికాలో పనిచేసిన ప్రసిద్ధ వైద్య శాస్త్రజ్ఞుడు, జీవరసాయన పరిశోధకుడు. కండరాలలో శక్తి ఏ రూపంలో నిలువ ఉంటుందో తెలిపిన పరిశోధనలు, ఫోలిక్ ఆమ్లము, బోదకాలుకు వాడే హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సరుకు తొలిసారి పనిచేసిన మందు ఈయన పేరుతో ముడిపడి ఉన్నాయి. ఈయన శిశువైద్యుడు కాడు. అయినా శిశువైద్యము నేర్చుకునే నేటి విద్యార్థి ఈయన మందులను తెలుసుకోకుండా చదువు పూర్తిచేయలేడు.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. వశిష్ఠ గోదావరికి ఆవల ఒడ్డున రాజోలు ప్రాంతము, ఆ పైన అమలాపురం, కొత్తపేటలతో కూడిన కోనసీమ ఉన్నాయి. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి కావడంతో కుటుంబం ఆర్థికంగా ఇబ్బందులు పడింది. సుబ్బారావుకు చిన్నతనంలో చదువుపై పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. పదమూడేళ్ల వయసులో కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. మధ్యలోనే పట్టుబడగా తల్లి మరల బడిలో చేర్పించింది. రాజమండ్రిలో చదివి, మద్రాసు హిందూ హైస్కూలునుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు.

ఆ రోజులలో సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలని అనుకున్నాడు. తల్లి అంగీకరించలేదు. వైద్యము నేర్చుకుని సేవ చేయవచ్చునని మఠంవారు సలహా ఇచ్చారు. ఆ విధంగా 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. 1919లో శేషగిరితో వివాహమైంది. అనపర్తికి చెందిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ధనసహాయం చేశాడు.

అందని పట్టా

గాంధీజీ విదేశీ వస్తువుల బహిష్కరణకు పిలుపునిచ్చిన కాలంలో సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో హాజరయ్యాడు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది నచ్చలేదు. వ్రాత పరీక్షలలో బాగా రాణించినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వ వైద్య సేవలో ప్రవేశించడానికి ప్రయత్నించి విఫలుడయ్యాడు. చివరకు ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరాడు.

ఈ కాలంలోనే ఇంట్లో మరొక దెబ్బ తగిలింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధితో మరణించారు. ఇది ఉష్ణమండలంలో వచ్చే ఒక రకం ప్రేగుల జబ్బు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోతాడు. సుబ్బారావుకు కూడా ఇదే వ్యాధి సోకగా లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. స్ప్రూకు ఫోలిక్ ఆమ్లము మంచి మందు అని తేలడానికి ఇంకా రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ ఆమ్లాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు సుబ్బారావే కావడం విధివిచిత్రం.

అమెరికా ప్రయాణము

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయ హామీ, మామగారు సమకూర్చిన సొమ్ము ఆధారంగా సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ప్రవేశించాడు. మద్రాసు పట్టాతో అక్కడ వైద్యవృత్తి చేయడానికి వీలులేదు. అందువలన పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేస్తూ చదువుకున్నాడు. ఇంటివద్ద పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. భార్యను కూడా ఆయన మరల కలుసుకోలేదు.

డిప్లొమా అనంతరం జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్‌తో కలసి పనిచేశాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. తరువాత కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అణువులపై కృషి జరిగింది. 1930లో పిహెచ్.డి. పొందాడు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత పదవి లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనాలయంలో చేరి, 1942లో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు.

పిల్లల రక్త క్యాన్సరు

రక్తహీనతలో ఉపయోగపడే ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి లెడర్లీ బృందం కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో వ్యాధినిర్ధారణ వైద్యుడుగా ఉన్న సిడ్నీ ఫార్బర్, ఈ వర్గపు పదార్థాలను ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చినప్పుడు జబ్బు తగ్గకపోగా వేగంగా పెరిగినట్లు గమనించాడు. అలాగైతే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే పదార్థం జబ్బును అణచవచ్చునని ఊహించాడు. చూడటానికి ఫోలిక్ ఆమ్లం వలెనే ఉండి, జీవకణాన్ని మోసగించి దాని విభజనను నిలిపివేసే అటువంటి అణువులను సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ముఖ్యమైనది.

1948 జూన్‌లో ప్రచురించిన ఫార్బర్ నివేదిక ప్రకారం చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే; వ్యాధి తిరగబెట్టింది. కాని అంతకుముందు ఈ జబ్బుకు ఏ మందూ పనిచేయలేదు. అమినోప్టెరిన్ కంటే సురక్షితమైన మెథోట్రెక్సేట్ తరువాత దాని స్థానాన్ని ఆక్రమించింది. ఇతర మందులతో కలిపి ఇవ్వడం వలన, అభివృద్ధి చెందిన దేశాలలో తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా సోకిన పిల్లలలో నూటికి దాదాపు తొంభైమంది బ్రతుకుతున్నారు.

సుబ్బారావు కాలపు మద్రాసులో శిశువైద్యానికి ప్రత్యేక పట్టా చదువు లేదు. నేడు అమలాపురంలోని కోనసీమ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ వంటి కళాశాలలో ఎం.బి.బి.ఎస్. చదివే విద్యార్థి నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగించి, ప్రవేశ పరీక్ష ద్వారా మూడేళ్ల ఎం.డి. పీడియాట్రిక్స్‌లో చేరవచ్చును. పిల్లల క్యాన్సరులో ప్రత్యేక నైపుణ్యం కావాలంటే ఆపైన మరొక మూడేళ్ల డి.ఎం. చదవాలి. గర్భిణికి ఫోలిక్ ఆమ్లం ఇస్తే శిశువులో వెన్నుపాము లోపాలు తగ్గుతాయని 1991లో రుజువైంది కనుక ఈ మార్గంలో తొలి అడుగులలోనే సుబ్బారావు కృషి ఎదురవుతుంది.

హెట్రజాన్

గోదావరి డెల్టా ప్రజలకు బాగా తెలిసిన బోదకాలుకు మందైన హెట్రజాన్ (డైఇథైల్ కార్బమజైన్) 1947లో లెడర్లీలోనే వెలువడింది. 2004 నుండి దేశంలో బోదకాలు ప్రాంతాలన్నింటా దీనిని సామూహికంగా పంపిణీ చేస్తూ వచ్చారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. వాచిన కాలిని ఇది మామూలుగా చేయలేదు; రక్తంలోని సూక్ష్మక్రిములను తగ్గించి వ్యాప్తిని అరికడుతుంది.

మరణము, గుర్తింపు

ఫార్బర్ నివేదిక వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, తన 53వ ఏట సుబ్బారావు నిద్రలో మరణించాడు. ప్రచారానికి దూరంగా ఉండే స్వభావం వలన జీవించి ఉండగా ఆయన పేరు స్వదేశంలో ఎక్కువమందికి తెలియలేదు. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక చిహ్నంగా ఒక బిళ్లను విడుదల చేసింది.