ఆవిరిలో గీతలు చదివినాయన: కొచ్చెర్లకోట రంగధామరావు

డిగ్రీ ఫిజిక్సు ల్యాబులో సోడియం వేపర్ ల్యాంపని ఒకటుంటది. పసుప్పచ్చగా ఎలుగుద్ది. మా అచ్చంపేట నుంచి బయటికి పోయి చదివే పిల్లల్ని నేను అడుగుతా ఉంటా. ఆ ల్యాంపు బొమ్మ రికార్డు పుస్తకంలో గీసినోళ్లు ఎక్కువ, ఎలిగించి చూసినోళ్లు తక్కువ. ఆ దీపంలో ఉండేది సోడియం ఆవిరి. ఇట్టాంటి ఆవిర్ల ఎంటపడి పెద్ద సైన్సు చేసిన ఒక తెలుగాయన గురించి ఈసారి రాస్తున్నా.

రంగధామరావు గారు 1898 సెప్టెంబరు 9న బరంపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా, ఇప్పుడు ఒడిశా. కాలేజీ చదువు విజయనగరం మహారాజా కాలేజీలో. అక్కడ ఫిజిక్సు చెప్పే ఎ.ఎల్. నారాయణ గారు ఆయన్ని పరిశోధనలోకి దించారు. ఇద్దరూ కలిసి 1920ల్లో లోహాల ఆవిర్లు వెలుతుర్ని ఎట్టా మింగుతయ్యో చూశారు.

లోహానికి ఆవిరేంది అంటారా? నీళ్లకు ఉన్నట్టే. లీటరు నీళ్లు మరిగితే దాదాపు 1,700 లీటర్ల ఆవిరవుద్ది. అణువులు కొత్తగా పుట్టవు, ఒకదానికొకటి దూరం జరుగుతయ్, అంతే. సీసం మరిగేది దాదాపు 1,750 డిగ్రీల కాడ. అంతకంటే తక్కువ వేడికే కొంత ఆవిరి లేస్తది. ముద్దగా ఉన్నప్పుడు పరమాణువులు తిరునాళ్లలో జనంలాగా ఇరుక్కుని ఉంటయ్, ఏ ఒక్కదాని గొంతూ విడిగా వినపడదు. ఆవిరైతే దేనికదే విడి. అప్పుడు దాని అసలు గుణం బయటపడుద్ది.

ఆ ఆవిరిలోంచి తెల్ల వెలుతురు పంపి, పట్టకంతో రంగులుగా విడదీస్తే, మధ్యలో సన్నటి నల్లగీతలు కనపడతయ్. ఆ రంగుల్ని పరమాణువు మింగేసింది. ఏ మూలకం గీతలు దానివే, వేలిముద్రల్లాగా. పొయ్యి మంటలో ఉప్పు పడితే పసుప్పచ్చగా భగ్గుమంటది గదా, అది సోడియం వేలిముద్ర. దగ్గరగా చూస్తే అది ఒక రంగు కాదు, 589.0, 589.6 నానోమీటర్ల కాడ జంట గీతలు.

ఇంకో సంగతి. ఆవిరిలో పరమాణువులు ఊరికే నిలబడవు. మన గదిలో గాలే తీసుకోండి, నైట్రోజన్ అణువు సెకనుకి దాదాపు 500 మీటర్లు పరిగెత్తుద్ది, ఆ సెకనులోనే వందల కోట్ల సార్లు పక్కవాటిని గుద్దుకుంటది. వేడి పెరిగితే పరుగు పెరిగి గీత వెడల్పవుద్ది. ఒత్తిడి పెరిగి గుద్దుళ్లు ఎక్కువైనా వెడల్పవుద్ది. అంటే గీతను చూసి ఆ ఆవిరి ఎంత వేడిగా ఉందో, ఎంత కిక్కిరిసి ఉందో చెప్పొచ్చు. నారాయణ గారు తర్వాత కొడైకెనాల్ సూర్య పరిశోధనశాలకు పోయి డైరెక్టరయ్యారు. సూర్యుడు మాత్రం ఏంది, పెద్ద వేడి వాయువు ముద్దే గదా.

ఇదంతా తెల్లోళ్ల పాలనలో, ఒక జమీందారీ పట్నం కాలేజీలో మొదలైన పని. ఇప్పుడు ల్యాబు ఫీజు కట్టించుకుని, పరీక్ష ముందు రోజు తాళం తీసే కాలేజీలు చూస్తన్నాం. డబ్బు లేక కాదు, పిల్లలు చేత్తో పట్టుకుని చూడాలన్న పట్టింపు లేక.

రంగధామరావు గారు తర్వాత లండన్ ఇంపీరియల్ కాలేజీకి పోయి ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ కాడ పనిచేశారు. అక్కడ పని ఇంకా లోతుది. ఆర్సెనిక్, సెలీనియం పరమాణువుల నుంచి ఒకటీ రెండూ మూడూ ఎలక్ట్రాన్లు ఊడగొడితే గీతలు ఎట్టా మారతయ్యో లెక్క తేల్చారు. ఎలక్ట్రాను పోయేకొద్దీ గీతలు అతినీలలోహితం వైపు జరుగుతయ్. అక్కడ అడ్డం పడేది మనం పీల్చే గాలే. 200 నానోమీటర్ల కింద ఆక్సిజన్ ఆ వెలుతుర్ని మింగేస్తది. పరికరం లోపలి గాలంతా తోడెయ్యాలి. అదే వాక్యూమ్ స్పెక్ట్రోగ్రాఫ్. యూరప్‌లో ఉన్నప్పుడే అట్టాంటిది ఒకటి తయారు చేయించుకుని వాల్తేరుకు తెచ్చారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1930ల నుంచి ఫిజిక్సు శాఖను నిలబెట్టారు. యుద్ధంలో 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక యూనివర్సిటీ మన గుంటూరుకే వచ్చింది, 1946 దాకా ఇక్కడే నడిచింది. ఈ ముక్క మనోళ్లకి చాలామందికి తెలవదు.

యాభై దాటినాక ఇంకోడైతే పాత పేరు మీద బతికేవాడు. ఆయన కొత్త పాఠం మొదలెట్టారు. 1950 ప్రాంతంలో జర్మనీలో కనిపెట్టిన న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెసొనెన్సుని వాల్తేరులో పట్టుకున్నారు. ఇది ఆవిరికి కాదు, ఘనపదార్థానికి పనికొచ్చేది. రేడియో తరంగాలు పంపి కేంద్రకం చుట్టూ విద్యుత్తు ఎట్టా పరుచుకుందో చూస్తారు. ఇవాళ పేలుడు పదార్థాలు పసిగట్టే పరికరాల్లో ఇదే పద్ధతి వాడతన్నారు.

1972 జూన్ 20న పోయారు. భారత జాతీయ సైన్సు అకాడమీ ఆయన పేరుతో స్మారకోపన్యాసం పెట్టింది.