ఫాదర్ డేమియన్

వ్యాధులలో పెక్కు దేహమును మాత్రమే బాధించును. కుష్ఠవ్యాధి దేహముతోపాటు బంధుత్వమును గూడ తెగగొట్టెడిది. మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో ఈ వ్యాధి ఒకప్పుడు మిక్కుటముగా నుండెను. అది సోకినవానికి ఇంటిలో వేఱు కంచము, వేఱు చాప ఏర్పడెడివి. పిమ్మట ఊరి వెలుపల వేఱు పాక ఏర్పడెడిది. తుదకు సంతదారి ప్రక్కన గిన్నె ముందుంచుకొని కూర్చుండుటయే అతనికి మిగిలెడిది. ఈ దురవస్థ మన దేశమునకే పరిమితము కాదు. పసిఫిక్ మహాసముద్ర మధ్యమున గల హవాయి దీవులలో ఇంతకంటె కఠినమైన స్థితి యుండెను. అచటి రోగుల నడుమ దాదాపు 16 సంవత్సరములు నివసించి, వారి వ్యాధినే తానును పొంది, వారి నడుమనే కన్నుమూసిన పుణ్యపురుషుడు ఫాదర్ డేమియన్.

ఆయన అసలు పేరు జోసెఫ్ ద వూస్టర్. 1840 జనవరి 3వ తేదీన బెల్జియం దేశములోని ట్రెమెలో గ్రామమున జన్మించెను. తండ్రి వ్యవసాయము, ధాన్యపు వ్యాపారము చేయుచుండెను. జోసెఫ్ దృఢకాయుడు, పొలముపనియందును, వడ్రంగపు పనియందును చేయితిరిగినవాడు. తన వ్యాపారము ఇతడు నడపునని తండ్రి ఆశించెను. కాని అన్నవలె తానును సన్న్యసింపవలెనని జోసెఫ్ నిశ్చయించుకొని, 1859లో లూవెన్ నగరములోని కతోలిక మఠమున చేరి, డేమియన్ అను పేరు స్వీకరించెను. చదువు చాలనందున గురుపట్టమునకు తగడని పెద్దలు మొదట తలంచిరి. డేమియన్ నిరుత్సాహపడక, అన్నయొద్ద లాటిన్ భాష నేర్చుకొని వారి యభిప్రాయమును మార్చెను.

1863లో ఆ అన్న హవాయి దీవులకు వెళ్లవలసియుండి, ప్రయాణకాలమునకు విషజ్వరముతో మంచమెక్కెను. అతనికి బదులు తాను వెళ్లుదునని డేమియన్ స్థానికాధికారిని దాటి, సంఘాధ్యక్షునికే నేరుగా లేఖ వ్రాసి అనుమతి పొందెను. అయిదు నెలలకు దగ్గరగా ఓడలో ప్రయాణించి, 1864 మార్చి 19వ తేదీన హోనోలూలూ రేవున దిగెను. ఆ మే నెల 21వ తేదీన గురుపట్టము పొందెను. పిమ్మట తొమ్మిది సంవత్సరములు హవాయి అను పెద్ద దీవిలో, అగ్నిపర్వతముల నడుమ గల పల్లెలయందు తిరుగుచు, ఆ ప్రజల భాష నేర్చి, తన చేతులతోనే ప్రార్థనాలయములు నిర్మించెను.

ఆ కాలమున ఆ దీవులలో కుష్ఠవ్యాధి దావానలమువలె వ్యాపించుచుండెను. భయపడిన ప్రభుత్వము 1865లో ఒక చట్టము చేసెను. దాని ననుసరించి రోగులను పట్టి, 1866 నుండి మొలొకై దీవికి పంపుచుండిరి. అచటి నివాసస్థలము ప్రకృతి కట్టిన చెఱసాలవంటిది. మూడువైపుల సముద్రము; నాలుగవ వైపున గోడవలె నిలిచిన ఎత్తైన కొండ. తల్లినుండి బిడ్డను, భార్యనుండి భర్తను వేఱుచేసి ఓడ యెక్కించెడివారు. రోగులు తమ పంట తామే పండించుకొందురని అధికారులు తలంచిరి. కాని వ్రేళ్లు మొద్దుబారినవారు నాగలి పట్టుటెట్లు? తిండి చాలదు, మంచినీరు దూరము, ఇండ్లు లేవు. చచ్చినవారిని లోతుగా పూడ్చు దిక్కుగూడ లేకుండెను.

1873లో ఈ రోగుల యొద్దకు గురువులను పంపుటను గూర్చి పీఠాధిపతి ప్రస్తావించెను. ఎవరిని గాని ఆజ్ఞాపించుటకు ఆయనకు మనసు రాలేదు. నలుగురు గురువులు వంతులవారీగా వెళ్లుటకు తమంత తామే ముందునకు వచ్చిరి. వారిలో మొదటివాడు డేమియన్. మే 10వ తేదీన ఆయన మొలొకైలో అడుగుపెట్టెను. అప్పటికాయన వయస్సు 33 సంవత్సరములు. ఉండుటకు ఇల్లు లేనందున తొలివారములు మన తీరమున పెరుగు మొగలిజాతికి చెందిన యొక చెట్టు క్రింద పరుండెను. వంతు ముగిసినను తిరిగిపోక అచటనే స్థిరపడుటకు అనుమతి కోరెను.

రోగులను తాకరాదని అందఱును హెచ్చరించిరి. డేమియన్ కొలదికాలము ఆ నియమమును పాటింప యత్నించెను. కాని తాకనివాడు పుండ్లు కడుగుటెట్లు? కట్టు కట్టుటెట్లు? ఆయన నియమమును విడిచి మనుష్యుల నెంచుకొనెను. వారి పాత్రలోనే భుజించెను. వారి పిల్లలను ఎత్తుకొనెను. తొలుత పుండ్ల దుర్గంధము భరింపలేక పొగగొట్టము కాల్చుటకు అలవాటుపడెను. కొండవాగు నీటిని గొట్టముల ద్వారా రోగుల వాకిళ్లకు తెప్పించెను. గడ్డిపాకలకు బదులు చెక్కయిండ్లు కట్టించెను, బాటలు వేయించెను, అనాథ బాలబాలికలకు వసతిగృహములు నెలకొల్పెను. ఒక వాద్యబృందమును గూడ ఏర్పఱచెను. మరణించినవారికి శవపేటికలను తానే చేసి, గోతులను తానే త్రవ్వెను. ఇట్లు తన చేతులతో సాగనంపినవారు వందలకొలది.

ఆయన శాంతమూర్తి యని తలంపరాదు. ఆయన పట్టుదల కలవాడు, త్వరగా కోపించువాడు. రోగులకు కలప, బట్టలు, మందులు కావలెనని ఆరోగ్యశాఖాధికారులతో ఎడతెగక పోరాడెను. అందువలన ఆయనను విసిగించువాడుగా భావించినవారును గలరు. ఆయనకు బయటికి వెళ్లుటకు గూడ నిషేధముండెను. ఒకప్పుడు సంఘాధికారి యొకడు ఓడలో రాగా, ఓడనాయకుడు డేమియన్‌ను పైకి రానీయలేదు. తన పాపములను చెప్పుకొనవలసిన డేమియన్, క్రింద పడవలో నిలిచి, ఓడపైనున్న గురువునకు వినబడునట్లు బిగ్గరగా వానిని చెప్పుకొనెను. అందఱి యెదుట తన తప్పులను చాటుకొనుట సామాన్యులకు సాధ్యమా?

1884 డిసెంబరు నెలలో ఒకనాడు డేమియన్ అలసివచ్చి కాళ్లు కడుగుకొనబోయెను. నీరు సలసల కాగియుండెను. పాదము బొబ్బలెక్కినను ఆయనకు వేడిమి తెలియలేదు. స్పర్శ నశించుట ఆ వ్యాధి లక్షణమని ఆయన యెఱుగును. వైద్యులును దానినే నిర్ధారించిరి. తన బోధలలో రోగులను మీరు అనక మనము అని చెప్పుట ఆయనకు మొదటినుండియు అలవాటు. ఆ మాట ఇప్పుడు అక్షరాల నిజమయ్యెను. ఆయన పని మానలేదు, మఱింత త్వరపడెను. తన తరువాత ఈ ప్రజలకు దిక్కెవరను చింతయే ఆయనను బాధించెను. ఆ చింతయు తీఱెను. 1886లో అమెరికానుండి జోసెఫ్ డట్టన్ అను సేవకుడును, 1888లో మరియాన్ కోప్ అను మఠకన్యయు, ఆమె తోడి సోదరీమణులును వచ్చి ఆ భారమును స్వీకరించిరి. 1889 ఏప్రిల్ 15వ తేదీన డేమియన్ మరణించెను. అప్పటికాయనకు 49 సంవత్సరములు. తనకు తొలుత నీడనిచ్చిన చెట్టు క్రిందనే ఆయనను సమాధి చేసిరి.

మరణానంతరము ఒక మతాధికారి ఆయన శీలమును నిందించుచు లేఖ వ్రాసెను. మొలొకైని స్వయముగా చూచి వచ్చిన ప్రసిద్ధ ఆంగ్లరచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1890లో దానికి తీవ్రమైన ప్రత్యుత్తరము ప్రకటించి ఆ నిందను ఖండించెను. 1936లో డేమియన్ అస్థికలను స్వదేశమునకు కొనిపోయిరి. 1995లో ఆయన కుడిచేతి అస్థికలను మాత్రము మొలొకైకి తిరిగి తెచ్చిరి. రోగుల పుండ్లు కడిగిన చేయి వారి చెంతనే యుండుట ఉచితము గదా! 2009 అక్టోబరు 11వ తేదీన పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించిరి.

డేమియన్ మొలొకై చేరిన 1873వ సంవత్సరముననే నార్వే దేశమున హాన్సెన్ అను వైద్యుడు ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. కాని మందు లభించుటకు మఱియొక తరము పైగా పట్టెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అనేక మందులను కలిపి యిచ్చు చికిత్సను సూచించిన పిమ్మట, రోగి తన యింటనే యుండి పూర్తిగా స్వస్థుడగుచున్నాడు. మన ప్రాంతమున సాలూరులోని కుష్ఠరోగుల ఆసుపత్రియు, చిలకలపల్లిలోని గాంధీ స్మారక కుష్ఠనివారణ కేంద్రమును ఈ వ్యాధితో పోరాడినవే. అయినను మన దేశమున నేటికిని ఏటా సుమారు లక్షమందికి ఈ వ్యాధి క్రొత్తగా బయటపడుచున్నది. కుష్ఠవ్యాధి విడాకులకు కారణము కారాదని మన చట్టము చెప్పినది 2019లోనే.

బాలలారా! మందు సూక్ష్మజీవిని చంపగలదు. మనుష్యుల మనస్సులోని వెఱపును చంపలేదు. మందు లేని కాలముననే డేమియన్ ఆ వెఱపును జయించెను. మందు గల కాలమున పుట్టిన మనము, నయమై తిరిగివచ్చిన పొరుగువానిని మన అరుగుపై కూర్చుండబెట్టుకొనుటకు వెనుదీయుట తగునా?