వానను నిలిపిన నేత: థామస్ బర్బెరీ

చలిదేశములలో ఆరుబయట ఆటలాడువానికిని, ఆ యాటను చూచుటకై గంటలకొలది నిలుచువానికిని వాన యొక్కటే శత్రువు కాదు. తన చెమటయు శత్రువే. వెలుపలి నీటిని చొరనీయక మూసిన వస్త్రము లోపలి ఆవిరిని గూడ మూసివేయును. తడిసిన మేను చలిగాలికి త్వరలో వేడిమిని కోల్పోవును. ఈ చిక్కును నేతపనితో విడదీసిన ఆంగ్లేయుడు థామస్ బర్బెరీ.

ఆయన 1835లో సర్రే మండలమందలి బ్రాక్‌హం గ్రామమున జన్మించెను. బాల్యమున ఒక బట్టల వర్తకుని యొద్ద పని నేర్చి, 1856లో హాంప్‌షైరులోని బేజింగ్‌స్టోక్ పట్టణమున స్వంత దుకాణము తెరచెను. పొలము పనివారు, వేటకాండ్రు, గాలములు చేతబట్టి ఏటియొడ్డున కాచుకొని యుండువారు ఆయన కొనుగోలుదారులు. వారి కష్టమే ఆయనకు పాఠశాల యయ్యెను.

ఆ కాలమున వానకు విరుగుడు రబ్బరు కోటు. గ్లాస్గో వాడగు ఛార్లెస్ మాకింటాష్ రెండు బట్టల నడుమ రబ్బరు పొరను అతికించు విధానమునకు 1823లో పేటెంటు పొందెను. అది నీటిని ఆపెను గాని బరువైనది. తొలినాళ్ల కోట్లు ఎండకు వాసన కొట్టెడివి, చలికి బిగుసుకొనెడివి. వానిని తొడిగి గుట్టలెక్కిన వేటకాడు వానకు తడియకున్నను చెమటకు తడిసెడివాడు.

గొర్రెల కాపరుల అంగీలు ఉన్నిలోని జిడ్డు పట్టి వానకు తట్టుకొనుట చూచి బర్బెరీకి ఆలోచన తోచినదని చెప్పుదురు. ఆ కథ యెట్లున్నను ఆయన చేసిన పని స్పష్టము. ఇతరులు నేసిన బట్టకు పూత పూయుచుండగా, ఆయన నేయుటకు మునుపే నూలునకు నీరంటని గుణము కల్పించెను. పిదప ఆ నూలును పడుగు పేకలుగ మిక్కిలి దట్టముగ, ఏటవాలు చాళ్లు తేలునట్లు నేయించెను. పోగుల సందులు వానచినుకు దూరలేనంత చిన్నవి. చెమట యావిరి వెలువడుటకు మాత్రము చాలినవి. 1879లో రూపొందిన ఈ వస్త్రమునకు ఆయన గాబర్డీను అని పేరిడెను. పేరు పాతదే, పొడవగు పైవస్త్రమను అర్థమున షేక్‌స్పియరు రచించిన వెనిసు వర్తకుని నాటకమున షైలాకు నోట వినబడును. 1888లో ఈ వస్త్రమునకు పేటెంటు లభించెను. 1891లో లండను నగరపు హేమార్కెట్టు వీధిలో బర్బెరీ దుకాణము వెలసెను.

అటుపై ఆ గుడ్డకు కఠిన పరీక్షలు ఎదురయ్యెను. 1911 డిసెంబరులో దక్షిణధ్రువమును మొట్టమొదట చేరిన నార్వే వీరుడు అముండ్‌సెన్ జట్టువారు మంచుపై బర్బెరీ ఉడుపులను విరివిగ వాడిరి. 1914లో షాకల్టన్ బృందమును దానినే నమ్మి బయలుదేరెను. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలో నిలిచిన అధికారులు గాబర్డీను ట్రెంచి కోట్లు ధరించిరి. యుద్ధానంతరము వానితోడనే ఇండ్లకు మరలిరి. అట్లు సైనికుని కోటు గుర్రపు పందెముల బయళ్లకును, ఫుట్‌బాలు మైదానములకును నడచివచ్చెను. 1924లో జార్జి మాలొరీ గాబర్డీను ధరించి ఎవరెస్టు నెక్కబోయి మరలిరాలేదు. ఆయన దేహము 1999లో దొరకెను. అట్టి ఉడుపులనే మరల తయారుచేయించి 2006లో ఆ పర్వతమునందే ధరించి చూడగా, అవి తేలికగను, కదలిక కనుకూలముగను ఉన్నట్లు తేలెను.

బర్బెరీ 1926లో మరణించెను. ఆయన సంస్థ 1955లో గ్రేట్ యూనివర్సల్ స్టోర్స్ వారి వశమయ్యెను. అయినను దట్టమైన నేతయే వానకు గొడుగను ఆలోచన ఆయనతో అంతరింపలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మాంచెస్టరులోని షర్లీ సంస్థ, చల్లని సముద్రమున పడిన వైమానికుల ప్రాణరక్షణకై వెంటైల్ అను నూలుబట్టను సిద్ధపరచెను. తడి తగిలినంతనే అందలి పోగులు ఉబ్బి సందులను తామే మూసికొనును. యుద్ధానంతరము పర్వతారోహకులును దానిని ధరించిరి.

బర్బెరీ యనగనే నేడు పలువురకు గళ్ల గుడ్డయు, అధికమగు వెలయు గుర్తువచ్చును. ఆ గళ్లు 1920 తరువాతి దశకమున కోటు లోపలి అస్తరుగ వచ్చినవి మాత్రమే. వానలో నిలిచిన మనిషిని కాచినది పైనున్న, ఏ అలంకారమును లేని నేత.