రబ్బరును పండించిన గుడ్‌ఇయర్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, సర్వీసంతా రబ్బరు లేబొరేటరీలో గడిపిన నాకు చార్లెస్ గుడ్‌ఇయర్ తప్ప మరొకరు తోచలేదు.

ఆయన 1800 డిసెంబరు 29న అమెరికాలోని న్యూహేవెన్‌లో పుట్టారు. తండ్రితో కలిసి చేసిన ఇనుప సామాన్ల వ్యాపారం దివాలా తీయగా, అప్పుల కింద జైలుకు వెళ్లారు. ఆ రోజుల్లో రబ్బరు ఎండకు బంకయ్యేది, చలికి పెళుసెక్కేది. ఆ లోపం పోగొట్టాలని ఆయన పట్టుబట్టారు. ఇల్లు గడవక పిల్లల పాఠ్యపుస్తకాలు సైతం అమ్ముకున్నారు గాని ప్రయోగాలు మానలేదు.

1839లో వోబర్న్ పట్టణంలో, గంధకం కలిపిన రబ్బరు ముక్క వేడి పొయ్యికి తగిలింది. కరగవలసినది తోలులా మాడింది. మాడిన భాగం అంచున మాత్రం చక్కగా సాగే రబ్బరు కనిపించింది. దీన్ని అదృష్టమని చెప్పి ఊరుకుంటారు చాలామంది. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఆ తర్వాతే ఉంది. ఆ అంచుకు తగిలిన వేడి ఎంత, ఎంతసేపు? ఇది తేల్చడానికి ఏళ్లు పట్టాయి. చివరకు ఒత్తిడి గల ఆవిరిలో, సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచితే రబ్బరు సమంగా ఉడుకుతుందని తెలుసుకున్నారు. 1844 జూన్ 15న అమెరికాలో పేటెంటు వచ్చింది. ఇంగ్లండులో మాత్రం థామస్ హాన్‌కాక్ కొన్ని వారాలు ముందే దరఖాస్తు పెట్టేశారు.

అదే ప్రశ్నకు మా రియోమీటరు నిమిషాల్లో జవాబు చెప్పేది. నిలకడైన వేడిలో ఉన్న అచ్చులో చిన్న ముక్క పెట్టి మూస్తే, లోపలి బిళ్ల కొద్దిగా అటూ ఇటూ తిరుగుతుంది. రబ్బరు ఉడికేకొద్దీ దాన్ని తిప్పే బలం పెరుగుతుంది. ఆ బలమే కాగితం మీద గీతగా పడుతుంది. గీత పైకి లేవకముందే కాంపౌండు అచ్చు నిండాలి. గీత 90 శాతం ఎత్తుకు చేరిన సమయాన్ని బట్టి ప్రెస్సులో ఎంతసేపు ఉంచాలో నిర్ణయించేవాళ్లం. సహజ రబ్బరు అతిగా ఉడికితే గీత మళ్లీ కిందికి వంగుతుంది.

1855లో ఫ్రాన్సు చక్రవర్తి పతకం ఇచ్చినప్పుడు కూడా ఆయన పారిస్‌లో అప్పుల జైలులోనే ఉన్నారు. 1860 జూలై 1న న్యూయార్క్‌లో కన్నుమూసేనాటికి అప్పు సుమారు రెండు లక్షల డాలర్లు. 1898లో పుట్టిన టైర్ల కంపెనీ ఆయన పేరు పెట్టుకుంది గాని, ఆ కుటుంబానికి అందులో భాగం లేదు.

టైరు మీద కొలత తీసినవారి పేరు ఉండదు. అయినా ఆ టైరు ఎండకు కరగకుండా, చలికి పగలకుండా నడుస్తోందంటే, వేడినీ కాలాన్నీ ఓపికగా లెక్కగట్టినవారి చలవే. మిత్రులారా, మన సర్వీసుకు ఆ తృప్తి చాలదా?