జాన్ పోస్టెల్

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ (ఆగష్టు 6, 1943 – అక్టోబరు 16, 1998) అమెరికా దేశానికి చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. జాన్ పోస్టెల్‌గా సుపరిచితుడు. అంతర్జాలములో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సంభాషించుటకు ఆధారమైన నియమాలను (ప్రోటోకాళ్ళను) తీర్చిదిద్దిన ప్రముఖులలో ఈయన ఒకడు. అంతర్జాలపు సంఖ్యల, పేర్ల పట్టికలను దాదాపు మూడు దశాబ్దాలు నిర్వహించాడు.

బాల్యము, విద్య

పోస్టెల్ కాలిఫోర్నియా రాష్ట్రములోని ఆల్టడీనాలో జన్మించాడు. లాస్ ఏంజెలెస్‌లోని వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో చదివాడు. అంతర్జాల నిర్మాతలుగా తరువాత పేరొందిన వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ పాఠశాల విద్యార్థులే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి 1966లో పట్టభద్రుడై, 1974లో డాక్టరేటు పొందాడు. పొడవాటి గడ్డముతో, కాళ్ళకు చెప్పులతో కనిపించే ఈయన ప్రచారానికి దూరముగా ఉండేవాడు.

ఆర్పానెట్

అంతర్జాలానికి పూర్వరూపమైన ఆర్పానెట్‌లో మొదటి సందేశం 1969 అక్టోబరు 29న ఆ విశ్వవిద్యాలయము నుండే స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు వెళ్ళింది. పోస్టెల్ అప్పుడు లియొనార్డ్ క్లీన్‌రాక్ ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థి. నియమాల గురించిన ఆలోచనలను పంచుకొనుటకు క్రాకర్ అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ అనే పత్రాల పరంపరను ప్రారంభించాడు. వాటికి సంపాదకత్వ బాధ్యత పోస్టెల్ స్వీకరించి, మరణించేవరకూ నిర్వహించాడు. ఆ పత్రాలు ఎవరైనా ఉచితంగా చదువుకొనవచ్చును. అంతర్జాలం ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

నియమాల రూపకల్పన

నెట్‌వర్కులో సందేశం ఒకే ముద్దగా ప్రయాణించదు. చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి, ఒక్కొక్కటి వేరు వేరు దారులలో వెళ్ళవచ్చును. కొన్ని వెనుకాముందు అవుతాయి, కొన్ని తప్పిపోతాయి. మొదట్లో చిరునామా చూసి పంపే పని, తప్పిపోయినవాటిని మళ్ళీ తెప్పించే పని రెండూ టీసీపీ అనే ఒకే నియమంలో కలిసి ఉండేవి. ఇది సరికాదని పోస్టెల్ 1977లో గట్టిగా వాదించాడు. మరుసటి సంవత్సరం వాటిని విడదీశారు. ప్యాకెట్టును చిరునామాకు చేర్చుట ఐపీ పని, వరుస సరిచూచుట టీసీపీ పని అయింది. దీనివలన మాటల ప్రసారం వంటివి, ఆలస్యం కన్నా అక్కడక్కడా లోపమే మేలనుకొనే పనులు, టీసీపీని వదిలి తేలికైన యూడీపీని వాడుకొనగలిగాయి.

ఐపీ, టీసీపీల ప్రామాణిక పత్రాలు 1981లో, ఈ-మెయిలుకు ఆధారమైన ఎస్ఎంటీపీ పత్రం 1982లో ఈయన చేతి మీదుగా వెలువడ్డాయి. ఆర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి మారింది. మనం పంపేది నియమానికి కచ్చితంగా లోబడి ఉండాలని, ఎదుటివారు పంపినదానిలో చిన్న దోషాలుంటే ఓర్పుతో స్వీకరించాలని ఈయన చెప్పిన సూత్రం ప్రసిద్ధమైనది. ఈ ఓర్పు వలన దోషాలు పాతుకుపోతాయని, భద్రతకు ముప్పని తరువాతివారు విమర్శించారు.

పేర్లు, సంఖ్యలు

రెండు కంప్యూటర్లకు ఒకే సంఖ్య వస్తే సందేశం ఎవరికి చేరాలో తెలియదు. కాబట్టి సంఖ్యలు పంచే అధికారి ఒకరుండాలని, అది తానే కావచ్చేమోనని 1972లో ఒక ఆర్ఎఫ్‌సీలో కొంత సరదాగా ప్రతిపాదించాడు. ఆ సరదా జీవితకాలపు ఉద్యోగమైంది. 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో చేరి, జాయిస్ రేనాల్డ్స్ తోడ్పాటుతో పట్టికలను నిర్వహించాడు. ఈ పనికే తరువాత ఐయానా అనే పేరు వచ్చింది.

పాల్ మొకపెట్రిస్ 1983లో డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించిన తరువాత, ఏ దేశానికి ఏ పేరు ఇవ్వాలన్న చిక్కు వచ్చింది. ఏది దేశమో, ఏది కాదో నిర్ణయించుట తన పని కాదని, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన రెండక్షరాల జాబితానే పోస్టెల్ అనుసరించాడు. భారతదేశపు .ఇన్ 1989లో ఆ విధంగానే నమోదైంది. తెలుగు లిపిలోని .భారత్ 2011లో, ఈయన మరణానంతరం, అదే మూల పట్టికలో చేరింది.

1998 వివాదం

1995 నుండి డొమైన్ పేర్ల నమోదుకు నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీ రుసుము వసూలు చేయసాగింది. దానితో పేర్లపై అధికారం ఎవరిదన్న తగవు ముదిరింది. 1998 జనవరి 28న పోస్టెల్, మూల సర్వర్ల నిర్వాహకులలో ఎనిమిదిమందికి ఈ-మెయిలు పంపి, ఇకపై పట్టికను ఆ కంపెనీ సర్వరు నుండి కాక తన సర్వరు నుండి తీసుకొమ్మని కోరాడు. వారు మారుమాట లేకుండా ఆ ప్రకారం చేశారు. వాడుకదారులకు ఏ అంతరాయమూ కలగలేదు. కాని అమెరికా ప్రభుత్వం తీవ్రంగా ఆక్షేపించింది. అది కేవలం పరీక్ష అని పోస్టెల్ చెప్పి, కొద్ది రోజులలో పూర్వస్థితికి మార్పించాడు. అది నిజంగా పరీక్షేనా, బలప్రదర్శనా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. ప్రపంచమంతటి పట్టిక ఒక వ్యక్తి మీది నమ్మకంతో నడుస్తున్నదని మాత్రం అందరికీ తెలిసివచ్చింది.

మరణం

పట్టికల బాధ్యతను స్వీకరించుటకు ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1998 సెప్టెంబరు 30న నమోదైంది. దాని ఏర్పాటుకు పోస్టెల్ కృషిచేశాడు, కాని అది పనిచేయుట చూడలేకపోయాడు. గుండె శస్త్రచికిత్స అనంతరం తలెత్తిన సమస్యలతో అక్టోబరు 16న లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు. అప్పటికి వయసు 55 సంవత్సరాలు. ఐకాన్ నిర్వహించే ఈ పట్టికలపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది. ఇంటర్నెట్ సొసైటీ 1999లో ఈయన పేరిట పురస్కారం నెలకొల్పింది. చిన్ననాటి పాఠశాల సహచరుడైన సెర్ఫ్ రాసిన నివాళి 2468 సంఖ్య గల ఆర్ఎఫ్‌సీగా వెలువడింది.