డెట్రాయిట్‌లో కన్నుమూసిన ఢాకా తల్లి

మిషిగన్‌లో స్థిరపడ్డ మనవాళ్లకు డెట్రాయిట్ అంటే కార్ల కంపెనీలే గుర్తొస్తాయి. నాకు మాత్రం ఒక బెంగాలీ తల్లి కూడా గుర్తొస్తారు. ఆమె పేరు జహనారా ఇమామ్. బంగ్లాదేశ్ ప్రజలు ఆమెను షహీద్ జనని, అంటే అమరవీరుడి తల్లి అని పిలుచుకుంటారు.

ఆమె 1929లో ముర్షిదాబాద్ జిల్లాలో పుట్టారు. కలకత్తాలో చదువుకుని, ఢాకాలో బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలయ్యారు. భర్త షరీఫ్ సివిల్ ఇంజినీరు. కొడుకులు ఇద్దరు, రూమి, జామి.

1971లో రూమికి ఇరవై ఏళ్లు. అమెరికాలోని ఇల్లినాయిస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చింది. సెప్టెంబరులో చేరాలి. ఇంతలో మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాపై విరుచుకుపడింది. రూమి యుద్ధానికి వెళ్తానన్నాడు, అదీ తల్లి ఒప్పుకుంటేనే. చాలా రోజుల వాదన తర్వాత ఆమె ఒప్పుకున్నారు. పిల్లల చదువుల కోసమే ఇంతదూరం వచ్చిన మనకు ఆ మాట ఎంత బరువైనదో వేరే చెప్పక్కర్లేదు.

త్రిపురలోని మేలాఘర్‌లో శిక్షణ పొందిన రూమి ఢాకాలో గెరిల్లా దాడుల్లో పాల్గొన్నాడు. ఆగస్టు 29 రాత్రి సైనికులు ఇంటికొచ్చి అతణ్ని, తండ్రిని, తమ్ముణ్ని పట్టుకెళ్లారు. తండ్రి, తమ్ముడు చిత్రహింసలు పడి తిరిగొచ్చారు. రూమి రాలేదు. క్షమాభిక్షకు అర్జీ పెట్టమని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. కొడుకు ఎవరిపై పోరాడాడో వాళ్లనే వేడుకోవడం అతనికి అవమానమని షరీఫ్ పెట్టలేదు. డిసెంబరు 13న ఆయనా గుండెపోటుతో పోయారు. మరో మూడు రోజులకు దేశం విముక్తమైంది.

ఆ రోజుల డైరీ 1986లో ఏకాత్తొరేర్ దిన్‌గులి పేరుతో పుస్తకంగా వచ్చింది. అప్పటికే ఆమెకు నోటి క్యాన్సర్.

యుద్ధ నేరాల విచారణకు 1973లోనే చట్టం చేశారు. 1975 తర్వాత ప్రభుత్వాలు మారి అది అటకెక్కింది. 1991 డిసెంబరులో, పాక్ సైన్యానికి తోడ్పడ్డాడన్న ఆరోపణలున్న గులాం ఆజంను జమాతే ఇస్లామీ అధినేతగా ప్రకటించింది. ఆమె ఇక ఊరుకోలేదు. మరుసటి నెలలోనే ఉద్యమ కమిటీకి నాయకత్వం వహించారు. 1992 మార్చి 26న, పాక్ సైన్యం లొంగిపోయిన సుహ్రావర్ది ఉద్యాన్‌లోనే ప్రజా న్యాయస్థానం నిర్వహించారు. ఆజం నేరాలు మరణశిక్షకు తగినవని అది తేల్చింది. ఆ తీర్పుకు చట్టబలం లేదు. దాన్ని అమలు చేయాలని ఆమె ప్రభుత్వాన్నే అడిగారు. ప్రభుత్వం మాత్రం ఆమెతో సహా 24 మందిపై రాజద్రోహం కేసు పెట్టింది. ఆ కేసు నడుస్తుండగానే 1994 జూన్ 26న డెట్రాయిట్ ఆస్పత్రిలో కన్నుమూశారు.

2010లో ప్రభుత్వమే ట్రిబ్యునల్ వేసింది. 2013లో ఆజంకు 90 ఏళ్ల జైలుశిక్ష పడింది, మరుసటి ఏడాది నిర్బంధంలోనే మరణించాడు. ఆ విచారణలు న్యాయబద్ధంగా సాగలేదని అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థలు విమర్శించాయి. ఆ విమర్శను తోసిపుచ్చలేం. నలభై ఏళ్లు ఆలస్యమైతే సాక్షులు పోతారు, రాజకీయాలు చొరబడతాయి. అందుకే విచారణ సకాలంలో జరగాల్సింది. అలా జరిగి ఉంటే, క్యాన్సర్‌తో ఉన్న ఒక తల్లి మైదానంలో కోర్టు పెట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు.

డెట్రాయిట్ పక్కనే ఉన్న హామ్‌ట్రామిక్‌లో బంగ్లాదేశీ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ డిసెంబరు 16న వారి విజయ దినోత్సవానికి శుభాకాంక్షలు చెప్పేటప్పుడు, ఆమె గురించి కూడా ఒక మాట అడిగి చూడండి.